కంచంలో ఏదీ మిగలకూడదు

ఒక తెల్ల చార వల్ల మేం ఓడిపోయాం. నిజానికి ఓడిపోయాం అనడం కూడా సరికాదు. నలుగురం పరిగెత్తాం, రెండో స్థానంలో వచ్చాం, ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. అరగంట తర్వాత మైకులో మా కాలేజీ పేరు చదివి, జట్టులో ఒకరి దుస్తులు మిగతా ముగ్గురి దుస్తులతో సరిపోలడం లేదు కాబట్టి ఫలితం రద్దు అన్నారు. ముగ్గురివీ ఒట్టి నీలం షార్టులు. నాలుగో దానికి పక్కన సన్నటి తెల్ల చార ఉంది. అది నాది. మా కొలతలో ఖమ్మం షాపుల్లో నీలంవి మూడే దొరికితే, ఇంట్లో ఉన్నది వేసుకుని వెళ్ళాను. దగ్గరికొచ్చి చూస్తే తప్ప కనబడని చార. ఎవరో దగ్గరికొచ్చి చూశారు.

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. రెండువేల నాలుగు, అయిదు ప్రాంతం. యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలన్నీ కలిసే పోటీలవి. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవ్వరూ నన్ను ఒక్క మాట అనలేదు. మా పీడీ మేడం, అంటే కాలేజీలో ఆటలన్నీ చూసుకునే ఆవిడ, ముందు సీట్లో కూర్చుని ఖమ్మం వచ్చేదాకా వెనక్కి తిరగలేదు. తిట్టినా బాగుండేది. తిట్లు నాకు అలవాటే, మా అమ్మ దగ్గర రెండు పూటలా తినేదాన్ని. ఆ మౌనాన్ని మాత్రం తట్టుకోలేకపోయాను. ఖానాపురం హవేలిలో మా ఇంటికి షేర్ ఆటోలో వెళ్తూ కూడా కుదురుగా కూర్చోలేక, సగం దారిలో దిగి నడిచాను.

మరుసటి ఏడాది మేడం నియమాలు రాశారు. మొత్తం పద్దెనిమిది. ఆట సామాన్ల గది తలుపు మీద చార్టు అంటించారు. జడలు రెండు వేసి, పైకి మడిచి, నల్ల రిబ్బనుతోనే కట్టాలి. గ్రౌండు గీత దాటే ముందు చెప్పులు జతగా, ముందు భాగం గోడ వైపు ఉండేలా విడవాలి. నిలబడి నీళ్ళు తాగకూడదు. సాయంత్రం ఆరు దాటితే ఎస్టీడీ బూత్ దగ్గరికి పోకూడదు. వార్మప్‌లో నవ్వకూడదు. నవ్వితే ఏమవుతుందని అడిగాను. ఊపిరి వృథా అవుతుందన్నారు. ఏ నియమం తప్పినా పేరు ఎదురుగా ఎర్ర గుర్తు పడుతుంది. మూడు గుర్తులు పడితే జట్టులోంచి పేరు పోతుంది. అది ఎవరైనా సరే.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. సత్తుపల్లి వైపు నుంచి వచ్చి మా కాలేజీలో చేరారు. ఎవరికైనా కాలు బెణికితే తానే నూనె రాసి కట్టు కట్టేవారు. ఆ రోజు మైకు ముందు ఆవిడ కూడా నిలబడ్డారు కదా. ఇంకోసారి మాకు వంక పెట్టడానికి ఎవరికీ సందు దొరక్కూడదనుకున్నారు. అందుకోసం నన్నే కెప్టెన్‌ని చేశారు.

"ఒక్క చారతో అంతా పోయింది కదమ్మా. ఇక నువ్వే చూసుకో," అని ఎర్ర పెన్ను నా చేతిలో పెట్టారు.

నేనెక్కడ, నియమాలెక్కడ! క్లాసులో కాలు ఊపకుండా పది నిమిషాలు కూర్చోలేని దాన్ని. అయినా పెన్ను చేతికొచ్చాక రెచ్చిపోయాను. డిసెంబరులో పోటీల ముందు కాలేజీ హాస్టల్లో మాకు పదిహేను రోజుల క్యాంపు పెట్టారు. మొదటి రెండు రోజుల్లోనే ఐదుగురికి గుర్తులు పెట్టాను. హైజంప్ అమ్మాయికి ఈల వేసినందుకు ఒకటి. ఈల గురించి నియమమే లేదని ఆమె పోట్లాడితే, ఈలలో నవ్వు ఉందన్నాను. నేను మాత్రం కుళాయి దగ్గర నిలబడే నీళ్ళు తాగేదాన్ని. నా పేరు ఎదురుగా ఒక్క గుర్తూ లేదు.

ఆ ఏడు మా రిలేలో ఆఖరి చుట్టు పరిగెత్తడానికి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. మొదటి సంవత్సరం. దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోయే దారిలో వాళ్ళ ఊరు. బస్సు దిగాక ఇంకా గంటన్నర నడవాలట. ఇంట్లో కోయ భాష మాట్లాడతారు. మాతో తెలుగు ఆచితూచి మాట్లాడేది, పరిగెత్తేటప్పుడు మాత్రం అలాంటి జంకేమీ లేదు. నాలుగు వందల మీటర్లలో ఆఖరి వంద వచ్చేసరికి మేమందరం నోరు తెరిచి గాలి కోసం అల్లాడుతుంటే, ఆమె అప్పుడే పరుగు మొదలుపెట్టినట్టు ఉండేది.

పరిచయమైన రోజే, నేను అడగకుండానే, తనకేం కావాలో చెప్పేసింది.

"నేను చదివిన ఆశ్రమ బడిల ఆటల టీచర్ లేరక్కా. ఆటల పీరియడ్ అంటే మాతోని వాకిలి ఊడిపించేటోళ్ళు. నేను పీఈటీ అయి గాడికే పోత. యూనివర్సిటీల మూడు స్థానాల్ల ఏదొకటి వస్తే ఆ సర్టిఫికెట్ మీద సీటొస్తదట గద?"

"అవ్, వస్తది," అన్నాను. నాక్కూడా ఆ మూడు స్థానాల్లో ఒకటి కావాలి. అది నా ఆఖరి సంవత్సరం. చార సంగతి కాలేజీలో అందరూ మర్చిపోయినా నేను మర్చిపోలేదు.

తొమ్మిదో నియమం అన్నం గురించి. అందరికీ ఒకే కొలతలో వడ్డిస్తారు, వద్దనకూడదు, కంచంలో ఏదీ మిగలకూడదు. అంతకుముందెప్పుడో ఒక అమ్మాయి సన్నబడాలని తిండి మానేసి గ్రౌండులో పడిపోయిందట, అప్పటి భయం అది. డిసెంబరు కాబట్టి చిక్కుడు కాయలు మార్కెట్ నిండా ఉన్నాయి. హాస్టల్‌కు కూరగాయలు వేసేవాడు రోజూ అవే తెచ్చి పడేసేవాడు. మూడో రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి అన్నం, పప్పు, మజ్జిగ అన్నీ తిని, చిక్కుడుకాయ కూర మొత్తం ఒక పక్కకు నెట్టి కూర్చుంది.

నేను ముందు గుర్తు పెట్టి, ఆ తర్వాత ఎందుకని అడిగాను. ఆ వరుస ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"మా ఊర్ల చిక్కుడు పండుగ కాలేదక్కా. గదయ్యేదాంక ముట్టం," అంది.

వాళ్ళ ఊళ్ళో కొత్తగా చేతికొచ్చింది ఏదైనా ముందు దేవతకు పెట్టాలి. పెద్దలు కూర్చుని రోజు చెప్తారు. ఆ రోజు ఊరంతా కలిసి పండుగ చేసుకుని, ఆ తర్వాతే నోట్లో పెట్టుకుంటారు. కొత్త బియ్యానికి ఒక పండుగ, మామిడికాయకు ఒక పండుగ, చిక్కుడుకు ఒకటి. అప్పటిదాకా సొంత కంచె మీద పాకిన పాదు నుంచి కూడా కాయ తెంపరు.

"పాదు నిండ కాసినా?"

"నిండ కాసినా. మా తమ్ముడు గూడ తెంపడు. వానికి ఆరేండ్లే."

"ఇవి మీ ఊరివి కాదు గద, ఖమ్మం మార్కెట్ల కొన్నయి."

ఆమె నావైపు జాలిగా చూసింది. "చిక్కుడే గదక్కా," అంది.

ఇద్దరం కలిసి మేడం దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఓపిగ్గానే విన్నారు.

"చూడమ్మా, ఇవాళ నీకు చిక్కుడు వదిలేస్తే, రేపు ఇంకో అమ్మాయి వంకాయ పడదంటుంది. ఎల్లుండి ఇంకొకరు గుడ్డు వాసనంటారు. ఇక ఈ చార్టు ఎందుకు? పండుగ ఇంటికెళ్ళాక చేసుకుందువు గాని, ఇక్కడ మాత్రం తినాలి. నీ బలం కోసమే చెప్తున్నాను."

ఆ మాట నాకు న్యాయంగానే అనిపించింది. అదీ అసలు సంగతి. మాది క్రైస్తవ కుటుంబం. ప్రసాదం తినకూడదని చిన్నప్పుడే అమ్మ నేర్పింది. ఆ వారమే మేడం భద్రాచలం వెళ్ళొచ్చి అందరికీ లడ్డూ ముక్కలు పంచారు. నా వంతు వచ్చేసరికి చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "అయ్యో, మీరు తినరు కదా, మర్చేపోయాను," అని నవ్వి, సంచీలోంచి అరటిపండు తీసిచ్చారు. వద్దన్నందుకు నాకు గుర్తు పడలేదు, పడుతుందని ఎవరూ అనుకోలేదు కూడా. నేను వద్దనడం అందరికీ తెలిసిన వద్దనడం. ఆమె వద్దంటే మాత్రం వంక అయింది. రెండు సంగతులూ ఒకే వారంలో జరిగినా, నాకు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని తోచలేదు. అరటిపండు తినేసి తొక్క పారేశాను.

ఆ తర్వాత వారం రోజులు ఆమె చిక్కుడుకాయ కూర నేను తిన్నాను. మేడం అటు తిరగ్గానే ఆమె కంచం కొద్దిగా వంచేది, నేను రెండు చేతి ఊపుల్లో లాగేసేదాన్ని. ఇద్దరి కూర తిని సాయంత్రం ప్రాక్టీసులో పొట్ట పట్టుకుని పరిగెత్తేదాన్ని. ఇన్నేళ్ళయినా నాకు చిక్కుడు వాసన పడదు. అయినా ఆ వారం సంతోషంగానే ఉన్నాను. నియమం తప్పుతున్నానన్న హుషారు ఒకటి, ఆమెకు సాయం చేస్తున్నానన్న గొప్ప ఒకటి.

పదో రోజు దొరికిపోయాం. ఒకరి కంచంలోంచి ఇంకొకరు తీసుకోకూడదన్నది పదో నియమం. ఇద్దరికీ చెరో గుర్తు. నాకది మొదటిది. ఆమెకు రెండోది. మేడం నా చేతిలోంచి పెన్ను తీసుకుని తానే పెట్టారు.

"రేపట్నుంచి నేను కూడా మీతోనే భోంచేస్తాను. ఇంకొక్క గుర్తు పడితే నువ్వు ఇంటికే. మీ అమ్మానాన్నలకు ఏం చెప్పుకుంటావో చెప్పుకో," అన్నారు ఆ అమ్మాయితో.

ఇంకా ఐదు రోజులున్నాయి. ఆ సాయంత్రం ఆమె కుళాయి దగ్గర జెర్సీ ఉతుక్కుంటోంది. "తినను. పంపిస్తే పోత," అంది తల ఎత్తకుండానే. ఏడుపు లేదు, కోపం లేదు. నాకైతే ఒళ్ళంతా మండిపోయింది. ఇంత చిన్న కూర కోసం సీటు వదులుకుంటుందా? ఆమె పోతే ఆఖరి చుట్టు పరిగెత్తాల్సింది లాంగ్‌జంప్ అమ్మాయి. మూడు వందల మీటర్లు దాటితే ఎవరొస్తున్నారా అని వెనక్కి చూసే అలవాటు ఆమెకు. మళ్ళీ అదే బస్సు, అదే ముందు సీటు, అదే మౌనం నా కళ్ళ ముందు కదిలాయి. గ్రౌండు చుట్టూ తిరిగాను. గోళ్ళు కొరుక్కున్నాను. తలుపు దగ్గరికెళ్ళి ఆ చార్టు మళ్ళీ మళ్ళీ చదివాను, ఎక్కడైనా సందు ఉందేమోనని. ఆ పిల్ల భవిష్యత్తు కోసం ఆలోచిస్తున్నానని అందరితో చెప్పాను. నా చార కోసం ఆలోచిస్తున్నానని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే వంట గదికి వెళ్ళాను. అక్కడ వండే పెద్దమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఏంది బిడ్డా, కాలుగాలిన పిల్లి లెక్క గట్ల తిరుగుతున్నవ్?" అంది.

"పెద్దమ్మా, ఈ ఐదు రోజులు కూర వద్దు. కాయలొలిచి గింజలు మెత్తగ ఉడకబెట్టి గోంగూర పప్పుల మెదిపెయ్. కారం, ఎల్లిపాయ జర ఎక్కువెయ్. మేడంకు నేను చెప్త."

"మరి ఆ పిల్ల తినదంట గద?"

"ఆమెకు నేను చెప్పుకుంట."

పెద్దమ్మ నన్ను ఒక క్షణం చూసి, ఏమనుకుందో ఏమో, కాయలు ఒలవడం మొదలుపెట్టింది. నేను మేడం గదికి వెళ్ళి, చిక్కుడు ఈసారి పప్పులో కలిపి వండిస్తున్నాను, అందరూ మిగల్చకుండా తింటారు అని చెప్పాను. ఆవిడ సంతోషించారు. ఆ పిల్లతో మాత్రం, ఇక కూర ఉండదు, పెద్దమ్మను బతిమాలి మానిపించాను అన్నాను. ఇద్దరికీ రెండు రకాలుగా చెప్పాను. రెండింటిలోనూ సగం నిజం ఉంది.

ఆమె వంతు పప్పు గింజలు కలపకముందే ఒక గిన్నెలో విడిగా తీసి పెట్టమని అడగొచ్చు. అప్పుడు ఆ ఆలోచన రాలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. వచ్చింది. వంట గదిలో విడి గిన్నె మేడం కంటపడితే అంతా బయటపడుతుందని భయపడి, ఆ ఆలోచనను తోసేశాను.

మధ్యాహ్నం మేడం మా వరుసలోనే కూర్చున్నారు. ఆ అమ్మాయి నా పక్కన. ముద్ద కలుపుతూ ఆగింది.

"ఇందుల ఏమన్న కలిసిందా అక్కా? చిక్కగున్నది."

"గోంగూర. ఇంకేముంటది? జల్దీ తిను," అన్నాను.

తింది. బాగుందని ఇంకో గంటె వేయించుకుంది. మేడం ఖాళీ కంచం చూసి, "ఇలా వండితే ఎవరు కాదంటారు!" అన్నారు. ఆ అమ్మాయి గోంగూర గురించనుకుని నవ్వింది. నేను బల్ల కింద కాళ్ళు రెండూ ఒకదానితో ఒకటి బిగించి పట్టుకున్నాను. మొదటి రోజు గొంతు దిగలేదు. రెండో రోజు దిగింది. ఐదో రోజుకు అలవాటైపోయింది.

పోటీల్లో మేం మూడో స్థానంలో వచ్చాం. నేను మూడో చుట్టు పరిగెత్తి ఆమె చేతికి కర్ర అందించేసరికి ఐదో స్థానంలో ఉన్నాం. ఆఖరి వందలో ఆమె ఇద్దర్ని దాటింది. ఆ తర్వాత అరగంట నేను నిలబడలేదు, కూర్చోలేదు. మేడం మా షార్టులు ఒకే తానులోంచి కుట్టించారని, చార కాదు కదా, కుట్టు దారం కూడా ఒకే రంగని తెలుసు. అయినా మైకు కిందే తిరిగాను. మైకు మా పేరు చదివింది, రద్దు అనలేదు. మేడం నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చారు. ఆ అమ్మాయి సర్టిఫికెట్ మీద తన పేరు ఉన్నచోట వేలు పెట్టకుండా, అంచులు మాత్రమే పట్టుకుని బస్సులో అంత దూరమూ ఒళ్ళో పెట్టుకుంది.

ఆ కాగితంతో ఆమెకు సీటొచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఇప్పుడు అడవిలోని ఒక బడిలో పిల్లల చేత పరుగులు తీయిస్తోంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ఆ పేరు ఫోన్‌లో కనబడగానే లేచి నిలబడతాను. మాట్లాడినంతసేపూ ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతాను. చూసేవాళ్ళు క్రీడాకారిణి కదా, కాళ్ళు ఆగవు అంటారు.

ఇదంతా ఇంతే అయితే ఎప్పుడో మర్చిపోయేదాన్ని. ఆకలిగా ఉన్న పిల్ల పప్పు తింది, అందులో ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు అని సర్దిచెప్పుకునేదాన్ని. కానీ ఆ పోటీల తర్వాత సంక్రాంతి సెలవులకు ఊరెళ్ళిన ఆమె, జనవరి ఆఖరులో వారం ఆలస్యంగా తిరిగొచ్చింది. గ్రౌండు మెట్ల మీద నన్ను వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది. తువ్వాలు విప్పి స్టీలు డబ్బా తీసింది. మూత తీయకముందే నాకు వాసన తెలిసింది.

"మొన్న మా పండుగయింది. ముందు దేవతకు, ఎనక మేం తిన్నం, గిది నీకు. దార్ల ఎవరికి ఇయ్యలే," అంది.

ఆమె ఉత్సాహంగా చెప్పుకుపోయింది. పండుగ రోజు వాళ్ళ తాతే పూజ చేస్తాడట. దేవతకు పెట్టే ముందు ఊరందరినీ వరసగా నిలబెట్టి, ఎవరన్నా ముందే తిన్నారా అని ఒక్కొక్కరినీ అడుగుతాడట. తిన్నవాళ్ళు ఒప్పుకుంటే పెద్ద గొడవేం లేదు, ఒక కోడినిచ్చి తప్పు చెల్లించి అందరితో కలుస్తారు. దాచిపెట్టి దేవత ముందు నిలబడటమే పెద్ద తప్పు.

"పట్నంల చదివే పిల్లలు తినే ఉంటరని అందరు నా దిక్కే చూసిన్రు. మా తాత గూడ కోడిని తయారు పెట్టిండు నాకోసం. నేను నేల మీద చెయ్యి పెట్టి చెప్పిన, ఒక్క గింజ ముట్టలే అని. మా తాత అందరి ముంగట ఏడ్చిండక్కా. ఈయేడు దేవతకు నువ్వే పెట్టు బిడ్డా అని డొప్ప నా చేతికిచ్చిండు. ఆడపిల్లకు గట్ల ఎప్పుడియ్యరు."

ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. చెప్పాల్సింది అప్పుడే. ఒక కోడితో పోయేది. నోరు తెరిచాను కూడా.

"నువ్వు పెద్దమ్మకు చెప్పి ఆ కూర మానిపియ్యకుంటే నేను ఇంటికి పోదును, లేకుంటే తిందును. నీ గురించి గూడ చెప్పిన మా తాతకు. తిను అక్కా, సల్లారిపోయింది గాని మంచిగనే ఉంటది," అంటూ డబ్బా నా ఒళ్ళోకి జరిపింది.

తిన్నాను. ఆమె చూస్తుండగా, అడుగున ఏదీ మిగల్చకుండా తిన్నాను. మంచిగుందా అని అడిగింది. మంచిగుందన్నాను.